గోడలోపలి గాలి

మా పక్కింటి ఖాలా కుప్పంలో పోయింది. ఆ మాట మాకు తెలిసేసరికి మట్టి కూడా అయిపోయింది. ఆమె అల్లుడి తమ్ముడు చింతపండు బేరానికి మదనపల్లె సంతకు వచ్చి, పని చూసుకుని, మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. అరుగు మీద కూర్చుని, ఇచ్చిన నీళ్లు తాగి, చెంబు పక్కన పెట్టాక చెప్పాడు.

"నిద్దట్లోనే పోయిందమ్మా. ముందురోజు బాగానే ఉండె. మీకు చెప్పిరమ్మని మా వదిన మరీ మరీ చెప్పి పంపింది."

మా అత్త లోపలి నుంచే "ఎవురు పోయింది?" అని అడిగింది. ఆమెకు ఈమధ్య చెవులు సరిగా వినబడవు. దగ్గరికి వెళ్లి చెప్పాను. చేతిలో ఉన్న చేట కింద పెట్టి, గోడకు ఆనుకుంది. తర్వాత, "నాకంటే చిన్నది గదా" అంది.

ఇది చదివేవాళ్లకు మా ఖాలా ఎవరో తెలియదు. మా పేటలో ఒక పార్కు ఉంది. సాయంత్రం పూట ఆడవాళ్లు కూర్చునే చోటు ఆ పార్కులో ఇప్పటికీ ఉందంటే ఆమె వల్లే. ఆ సంగతి తెలిసినవాళ్లం మా వీధిలో కొందరమే ఉన్నాం. అందుకని రాస్తున్నాను.

స్వరాజ్యానికి ముందు, యుద్ధం మొదలైన యేడు నేను ఈ ఊరికి కోడలిగా వచ్చాను. మాది పెద్దపంజాణి దగ్గర పల్లె. చెనిక్కాయ చేలల్లో తిరిగిన దాన్ని. ఇక్కడికి వచ్చాక వీధి తలుపు దాటే పని లేదు. మా అత్తవారు ఊళ్లో పేరున్న రైతు కుటుంబం. ఆడవాళ్లు వీధిలో కనబడటం వాళ్లకు నచ్చదు. పెరట్లో బావి, ఆ పక్కన తులసికోట, చుట్టూ గోడ. పైన ఆకాశం ఒక దుప్పటంత కనబడేది.

ఒకరోజు బావి దగ్గర అంట్లు తోముతూ ఏడుస్తున్నాను. గోడ అవతలి నుంచి మాట వినబడింది.

"యాలమ్మా ఏడస్తాండావు? అత్త కొట్టిందా?"

"లేదు."

"మొగుడు?"

"లేదు."

"మరి ఏడుపు యాలంట?"

చెప్పడానికి నాకే సరిగా తెలియదు. "ఈడ గాలి లేదు" అన్నాను.

అవతల ఏదో జరిపిన చప్పుడైంది. తర్వాత గోడ మీదుగా ఒక ముఖం లేచింది. ఏదో ఎక్కి నిలబడినట్టుంది. గుండ్రటి ముఖం, ముక్కుకు చిన్న పుడక, పెదవి మీద దారప్పోగు. ఆమె భర్త దర్జీ. ఆయన కుట్టిన చొక్కాలకు ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టడం ఆమె పని. మా పేటలో మగవాళ్లు గుండీ పెట్టుకున్నారంటే అది ఆమె కుట్టిన కాజాలోకే పోయేది.

"గాలి కావాల్నా? అంతేనా?" అని నవ్వి దిగిపోయింది.

ఆ సాయంత్రమే ఆమె మా ఇంటికి వచ్చింది. మనిషి చాలా పొట్టి. తన పొట్టితనం మీద తనే నవ్వేది: "మాది పుంగనూరు గదమ్మా. మా ఊళ్లో ఆవులూ పొట్టే, మనుషులూ పొట్టే." మా అత్త ఎదురుగా చాప మీద కూర్చుని, అదీ ఇదీ మాట్లాడి, లేచేటప్పుడు అడిగినట్టు కాకుండా అడిగింది.

"అక్కా, నీ కోడల్ని రేపు గోడకు తోడుకోని పోతా. పొద్దు గుంకే లోపల తెచ్చి నీకు అప్పజెప్తా."

మా అత్త నా వైపు చూసి, ఆమె వైపు చూసి, "గోడకే గదా, సరే" అంది.

గోడ అంటే ఏమిటో చెప్పాలి. మా పేట పార్కును వెనకటి తరంలో ఒక వ్యాపారి తన తల్లి పేరున వేయించాడు. ఆ తల్లి ఘోషా మనిషి. అందుకని పార్కులో ఒక మూల చుట్టూ నిలువెత్తు గోడ కట్టించి, ఒక తలుపు పెట్టించి, లోపల ఉయ్యాల, రాతి బెంచీలు, సన్నజాజి పందిరి వేయించాడు. ఆడవాళ్లకు మాత్రమే. ఆ చోటుకు ఏదో పేరు ఉండేదట. ఎవరూ ఆ పేరుతో పిలవరు. "గోడకు పోతాండాం" అంటే చాలు, అందరికీ తెలుసు.

మొదటిసారి ఆ తలుపు దాటి లోపలికి వెళ్లిన రోజు విన్న చప్పుడే నాకు బాగా గుర్తుంది. ఆడవాళ్లు అంత గట్టిగా నవ్వడం పెళ్లయ్యాక నేను వినలేదు. ఖాలా తలుపు మూసి, ముసుగు వెనక్కి వేసి, నోరు తెరిచి గాలి పీల్చింది. తర్వాత ఉయ్యాల ఎక్కింది. అప్పటికే ఆమెకు పెళ్లయిన కూతురు ఉంది.

"నెట్టు బేటీ, సిగ్గుపడాకు" అంది.

నెట్టాను. ఆమె అక్క కూతుళ్లు అక్కడే ఉండి "ఖాలా, ఇంకా పైకి, ఇంకా పైకి" అని అరుస్తుంటే నేనూ ఖాలా అనే పిలిచాను, పిన్నీ అన్నట్టు. అదే పిలుపు మిగిలిపోయింది.

ఆ తర్వాత సాయంత్రాలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోయి గుర్తున్నాయి. వేయించిన చెనిక్కాయలు ఒళ్లో పోసుకుని అందరికీ పంచేది. ఎవరైనా ఇంటికి త్వరగా పోవాలని లేస్తే కొంగు పట్టుకుని లాగేది: "కూసో. పని యాడికీ పారిపోదు. మనమే పారిపోవాల." అక్కడ కూడా ఆమె చేయి ఊరుకోదు. చొక్కా ఒకటి వెంట తెచ్చుకుని కాజాలు కుడుతూ కబుర్లు చెప్పేది. నాకూ నేర్పింది. నా కుట్టు వంకరపోతే విప్పేసేది, కోప్పడేది కాదు. "ఈ గుండీకి ఊపిరాడదు సూడు" అనేది.

నాకు మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. దాని గురించి ఎక్కువ రాయలేను. పుట్టింటి నుంచి తిరిగి వచ్చాక నాతో అందరూ మాట్లాడారు. దేవుడి మాటలు, ధైర్యం మాటలు. ఖాలా ఒక్కతే ఏమీ మాట్లాడలేదు. సాయంత్రం వచ్చి చెయ్యి పట్టుకుని గోడకు తీసుకుపోయేది. సన్నజాజి పందిరి కింద నన్ను కూర్చోబెట్టి పక్కన తన కుట్టు తాను కుట్టుకునేది. నాకు ఏడుపు వస్తే ఏడ్చేదాన్ని. ఆమె సూది ఆగేది కాదు. ఆ సూది సాగుతూ ఉండటమే నాకు ఆసరా అయింది.

ఆ యేడు కార్తీకంలో తుపాను పట్టింది. ముసురు వదలకుండా కురిసింది. ఒక ఉదయం మా ఆయన బయటి నుంచి వచ్చి, "పార్కులో ఆడోళ్ల గోడ పడిపోయిందంట" అన్నాడు. రోడ్డు వైపు గోడ సగానికి సగం కూలింది. మిగతా వైపులా బీటలు. ఉయ్యాల దూలం ఎప్పటి నుంచో పుచ్చి ఉందట, అదీ విరిగింది. ఎవరికైనా దెబ్బ తగులుతుందని పార్కు కమిటీ వాళ్లు తలుపుకు తాళం వేశారు.

కమిటీ అంటే మా పేటలోని మగవాళ్లే, కొందరు కలిసి పెట్టుకున్నది. తాలూకా కచేరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన దానికి ప్రెసిడెంటు. మంచివాడు, నిదానస్తుడు. అయితే అవి యుద్ధం రోజులు. సిమెంటు దొరకదు, ఇటుకబట్టీలకు బొగ్గు లేదు. చలికాలం పోయింది, ఎండాకాలం వచ్చింది, తాళం అలాగే ఉంది. నేను మళ్లీ బావి, తులసికోట, దుప్పటంత ఆకాశం మధ్యకి వచ్చిపడ్డాను. అన్నం సయించేది కాదు. ఖాలా గోడ మీదుగా రోజూ పలకరించేది. ఒకరోజు నా ముఖం చూసి, పలకరించడం మరిచి దిగిపోయింది.

ఆ వారంలోనే మా ఆయన ఒక వార్త తెచ్చాడు. కిరసనాయిలుకు కరువు, కట్టెలకు గిరాకీ పెరిగింది. ఆ మూలను కట్టెల డిపోకు బాడుగకు ఇస్తే, వచ్చినదానితో మిగతా పార్కన్నా బాగుచేయొచ్చని కమిటీలో కొందరు అంటున్నారు. బాలికల పాఠశాల టీచరమ్మ మాత్రం వేరే మాట అంటోంది. ఆమె మద్రాసులో చదువుకున్న మనిషి. ఉన్న గోడలు కూడా పడగొట్టేయండి, ఆడవాళ్లు అందరిలాగే పార్కంతా తిరుగుతారు, ఈ కాలంలో ఇంకా గోడలేమిటి అని. వచ్చే ఆదివారం కూర్చుని తేల్చేస్తారట.

ఈ మాట గోడ మీదుగా ఖాలాకు చెప్పాను.

"మనల్ని అడిగినారా?" అంది.

"మనల్ని ఎవరు అడుగుతారు ఖాలా?"

"అడక్కపోతే మనమే పోయి చెప్పాల."

ఆదివారం సాయంత్రం ఆమె బురఖా వేసుకుని మా ఇంటికి వచ్చింది. ఆమె వెనక మా వీధి ఆడవాళ్లు కొందరున్నారు. నేను మా అత్త వైపు చూశాను. అత్త కోపంగానే ఉంది. "మొగోళ్ల మధ్యకి పోతారా బూబమ్మా? మానం ఉండక్కర్లేదా?" అంది ఖాలాతో. అంటూనే లోపలికి పోయి, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. "నేను రాకుంటే మీరు ఏం మాట్లాడి పెడతారో ఏమో" అంది. నేను ఆమె వెనకే నడిచాను.

పార్కులో రేకుల షెడ్డు కింద కమిటీ కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి మగవాళ్లు లేచి నిలబడ్డారు, ఏం చేయాలో తెలియక. తన మాట చెప్పడానికి వచ్చిన టీచరమ్మ ఒక్కతే కుర్చీలో ఉంది. మేమంతా ఒక పక్కగా, స్తంభాల దగ్గర నిలబడ్డాం.

"చెప్పండమ్మా" అన్నాడు పెద్దాయన.

"గోడ గురించి మాట్లాడాలన్నా" అని మా గుంపులోంచి గొంతు.

"ఎవరమ్మా? కనబడలేదు."

"పుంగనూరుదాన్ని అన్నా, పొట్టిదాన్ని. కుర్చీ ఎక్కమంటే ఎక్కుతా."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఆమె ముందుకు వచ్చింది. ముసుగు ముఖం మీదే ఉంది.

"కట్టెల డిపో పెడితే ఊరికి మంచిదే. నేనూ పొయ్యి మీదనే వండుకుంటా. కానీ ఈడ ఒక బిడ్డ ఉండాది. పేరు చెప్పను. ఇంట్లో గాలి లేక సన్నబడిపోతాండాది. ఆ బిడ్డ ఈ ఊరికంతా వచ్చేది ఈ ఒక్క సోటికే. ఇట్లాంటోళ్లు వీధికొకరు ఉంటారు. డిపో ఇంకొక జాగాలో పెట్టొచ్చు. ఈ బిడ్డను ఇంకేడ పెట్టేది?"

నేను మా అత్త వెనక్కి జరిగాను. టీచరమ్మ మెత్తగానే మాట్లాడింది.

"అమ్మా, నేనూ మీ మంచికే చెబుతున్నాను. అసలు గోడే వద్దంటున్నాను. పార్కంతా మీదే అయినప్పుడు ఒక మూల ఎందుకు?"

"నువ్వు చెప్పేది సరే బేటీ. గోడ పోవాల, నాకూ తెలుసు. కానీ గోడ ముందు పోతే మేము ఇండ్లల్లోనే ఉండిపోతాం. మేము ముందు బయటికి వచ్చి కూసుంటే, గోడ సంగతి తర్వాత అదే సూసుకుంటాది."

అప్పుడు మా అత్త, జీవితంలో ఎప్పుడూ పరాయి మగవాళ్ల ముందు నోరెత్తని మా అత్త, కొంగు సర్దుకుని అంది:

"ఆమె చెప్పింది నిజం. గోడ లేకుంటే నా కోడల్ని నేను పంపను. అట్లని ఇంట్లో పెట్టుకుని నేను సూడలేకపోతాండా."

అత్త నన్ను చూస్తూ ఉందని నాకు ఆ రోజు వరకూ తెలియదు.

"మరి ఇటుకలు ఎక్కడివమ్మా?" అని అడిగాడు పెద్దాయన. అడిగిన తీరులోనే ఆయన మెత్తబడ్డాడని తెలిసింది.

దానికి ఖాలా దగ్గర జవాబు ఉంది. రోడ్డు వైపు ఒక్కటే గట్టి గోడ చాలు. పూలమొక్కల వైపు, పార్కు బావి వైపు ఉన్న బీటల గోడలు తీసేసి ఆ ఇటుకలే రోడ్డు వైపు కట్టొచ్చు. గోడ తీసిన చోట గోరింట నాటుకుంటాం. అది నీళ్లు తక్కువైనా పెరుగుతుంది, దట్టంగా వస్తుంది. అది ఎదిగేదాకా పాత చీరలు కడతాం. నీళ్లు మేమే పోసుకుంటాం.

"ఒక యేడు చూద్దాం" అన్నాడు పెద్దాయన.

తొలకరి పడగానే గోరింట కొమ్మలు వచ్చాయి, పుంగనూరు నుంచి, ఆమె పుట్టింటి పెరట్లోవి. వాళ్ల అన్న తడి గోనెసంచిలో చుట్టి బస్సు మీద వేసి పంపాడు. మేస్త్రీ రోడ్డు వైపు గోడ లేపుతుంటే మేం ఇటువైపు వంగి కొమ్మలు గుచ్చాం. టీచరమ్మ కూడా వచ్చింది, చెప్పులు పక్కన విడిచి. ఆమె నాటిన వరస వంకరగా వచ్చింది. ఖాలా దాన్ని సరిచేయనివ్వలేదు. మా అత్త పెట్టె తెరిచి తన పాత ఆకుపచ్చ చీర ఇచ్చింది. వెదుళ్లు పాతి వరసగా చీరలు కట్టాం. పసుపు, ఎరుపు, వెలిసిన నీలం. ఇంటింటి చీరా ఎవరిదో చూడగానే చెప్పగలిగేవాళ్లం. కొత్త దూలానికి ఉయ్యాల కట్టారు. నేను మళ్లీ ఆమెను నెట్టాను.

మా ఊరి ఆషాఢం గాలి చీరల్ని బతకనిస్తుందా? చిరిగిన చోట ముడి వేసేవాళ్లం. మళ్లీ చిరిగేవి. మరుసటి యేడు ఆషాఢానికి రెండు వెదుళ్లు పడిపోయాయి. రేపు కడదాం అనుకున్నాం. రేపు ఎవరో ఊళ్లో లేరు. తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. గోరింట అప్పటికి మోకాలెత్తు కూడా లేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం మేమంతా బెంచీల మీద కూర్చుని ఉన్నాం. ఖాలా ముసుగు తీసి, పంటితో దారం కొరుకుతోంది. పెద్దాయన చేతికర్ర పట్టుకుని పూలమొక్కల దారిన వస్తూ ఒక్కసారిగా మాకు ఎదురుపడ్డాడు. మధ్యన మోకాలి కిందికే ఉన్న గోరింట తప్ప ఏమీ లేదు. ఖాలా చెయ్యి ముసుగు మీదికి పోయింది. అక్కడే ఆగింది. తర్వాత ఒళ్లోకి దిగిపోయింది.

"ఏమన్నా, గోరింట బాగా పట్టింది గదా?" అంది.

ఆయన చూపు ఆకుల మీద నుంచి ఎత్తలేదు. "బాగా పట్టిందమ్మా" అని, ఒక ఆకు తుంచి వాసన చూసి, నెమ్మదిగా వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చే దారిలో ఆమె ముసుగు ఎప్పటిలాగే వేసుకుంది. మా వీధి మలుపులో నవ్వు మొదలుపెట్టింది. "అన్న నా మొగం సూసినాడో, గోరింటాకే సూసినాడో!" అని నవ్వి నవ్వి గోడ పట్టుకుని నిలబడింది.

యుద్ధం ముగిసింది. నాకు కూతురు పుట్టింది. ఆ పిల్ల గోరింట కంచె పట్టుకునే లేచి నిలబడటం నేర్చుకుంది. కంచె నడుమెత్తుకు వచ్చాక తోటమాలి ఇంకా పెంచాలా అని అడిగాడు. "సాలు, కత్తిరించప్పా, పూలు కనబడాల" అని చెప్పింది మా అత్త. ఎవరూ కాదనలేదు. టీచరమ్మ ఆ మాట విని ఖాలా వైపు చూసింది. ఖాలా సూదిలో దారం ఎక్కిస్తూ ఉంది.

స్వరాజ్యం వచ్చిన మరుసటి యేడు ఆమె భర్త పోయాడు. కూతురు వచ్చి కుప్పం తీసుకుపోయింది. బస్సు ఎక్కేటప్పుడు నా కూతురి గౌనుకు తాను కుట్టిన కాజాలు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసుకుంది.

పోయిన చలికాలంలో మా ఆయనకు కుప్పంలో పని పడితే నేనూ వెంట వెళ్లాను. పుంగనూరులో బస్సు ఆగినప్పుడు ఆమెకు చెప్పాలని కిటికీలోంచి కనబడినంత ఊరూ చూశాను. కూతురి ఇల్లు రైలు స్టేషను దగ్గరే. ఖాలా బాగా చిక్కిపోయింది, ఇంకా పొట్టిగా కనబడింది. నన్ను చూసి ఏడవలేదు. చెయ్యి పట్టుకుని, "పా బేటీ, సాయంత్రమైంది" అంది.

"యాడికి ఖాలా?"

"ఈడ పార్కు లేదు. స్టేషను ఉండాది."

రోజూ సాయంత్రం ప్లాట్‌ఫారం మీది బెంచీలో కూర్చుంటుందట. స్టేషను మాస్టరు మొదట్లో ఎవరి కోసం అని అడిగేవాడట, ఇప్పుడు అడగడు. మేం కూర్చుని మా పేట కబుర్లన్నీ చెప్పుకున్నాం. మా అత్త చెవుల గురించి, టీచరమ్మకు బదిలీ అయిన సంగతి, కంచెలో వంకరగా ఉన్న వరస గురించి. నేను లేచే వేళయింది. మా ఆయన గేటు దగ్గర నిలబడి పిలుస్తున్నాడు. నేను నాలుగడుగులు వేసి వెనక్కి చూశాను.

పల్లెటూరి పడుచు ఒకతె, తలమీద కూరగాయల గంపతో, బెంచీ ముందు తటపటాయిస్తూ నిలబడి ఉంది. కూర్చోవచ్చో లేదో తెలియనట్టు అటూ ఇటూ చూస్తోంది. ఖాలా ఆ గంప అంచు పట్టి కిందికి దించింది. తను బెంచీ చివరికంటా జరిగింది. ఆ పిల్ల కూర్చుని, నొప్పి పెడుతున్న మెడను చేత్తో రాసుకుంది. బెంగుళూరు రైలు వస్తోంది. ఇద్దరూ ఒకేసారి అటు తిరిగారు.